పద్నాలుగో నంబరు బెంచి

ఆల్డర్‌ఫోర్డ్
జూన్ 11, 2023, ఆదివారం

గీతకు,

ఎలా ఉన్నారని అడిగితే బాగున్నామని రాస్తావు, అక్కడితో ఉత్తరం అయిపోతుంది. అందుకని అడగడం లేదు. ఐదేళ్ళ కిందట మనం ఫోన్‌లో మాట్లాడుకున్న ఆ గంట తర్వాత, ఇకమీదట ఏదున్నా కాగితం మీద రాసుకుందామని అన్నది నువ్వే. నోరు జారితే వెనక్కి తీసుకోలేం, కాగితమైతే చింపెయ్యొచ్చు అన్నావు. నీ మాట నిజమే. ఇప్పుడు రాస్తున్నది మూడో కాగితం.

ముందు రెండింటితో పెట్టినట్టే ఈ వారం సిటీ కబుర్ల షీటు కూడా పెడుతున్నాను. ఒక్కో డిపార్ట్‌మెంటు పంపిన ముక్కల్ని ఏరి, ఊళ్ళోవాళ్ళకి అర్థమయ్యేలా రాయడమేగా నా ఉద్యోగం. సోషియాలజీలో ఎమ్మే చేసి నువ్వు రాసేది ఇదా అని మా ఆయన కృష్ణమోహన్ ఇప్పటికీ ఎగతాళి చేస్తూనే ఉంటారు. వాటర్ డిపార్ట్‌మెంటు వాళ్ళు పైపులు కడుగుతున్నారు, రెండు రోజులు కుళాయిల్లో ఎర్రనీళ్ళు వస్తాయి. నువ్వు కొత్తగా కాపురానికి వచ్చిన వారంలో కూడా వచ్చాయి, ఆ నీళ్ళు చూసి అమెరికా అమెరికా అంటే ఇదేనా అన్నావు, గుర్తుందా? లైబ్రరీ పైకప్పు కారుతోంది. బీవర్లు మళ్ళీ చెట్లు కొరికి వాగుకి అడ్డుకట్ట కట్టేశాయి. మా పబ్లిక్ వర్క్స్ కంటే అవే త్వరగా పని చేస్తాయని ఊళ్ళో జోకు.

షీట్లో నాలుగో పేరా పార్కుల డిపార్ట్‌మెంటు వాళ్ళది. అది చదివి ఈ ఉత్తరానికి మళ్ళీ రా.

చదివావా? నది ఒడ్డు కోసుకుపోతోంది. నడకబాటని నలభై అడుగులు వెనక్కి జరుపుతున్నారు. ఆ ముక్కలో ఉన్న బెంచీలన్నీ తీసేస్తారు. మన పద్నాలుగో నంబరు కూడా. పైగా జ్ఞాపకార్థం వేసే బెంచీకి గడువు పదేళ్ళేనట. ఆ సంతకం పెట్టిన రోజున అంత చిన్న అక్షరాలు చదివే స్థితిలో మనలో ఎవరున్నాం? కొత్త బాట మీద బెంచీలు వేస్తారో లేదో కౌన్సిల్ ఇంకా తేల్చలేదు. పేరున్న రేకు మాత్రం ఇంటివాళ్ళకి ఇచ్చేస్తారు.

పార్క్స్ సూపర్‌వైజర్ డ్వేన్‌ని బతిమాలాను. మా తమ్ముడు పరుగెత్తుతూ పడిపోయింది సరిగ్గా అక్కడేనని, వాడి బూడిద కూడా ఇక్కడ లేదని, గోదావరిలో కలిపామని, ఈ దేశంలో వాడి పేరు రాసి ఉన్న చోటు ఇదొక్కటేనని చెప్పాను. పదో సంవత్సరీకం అయ్యేదాకా ముట్టుకోనన్నాడు. కనుక ఆగస్టుకి ఒకసారి వస్తావేమోనని. భవిత దాని మీద ఒక్కసారైనా కూర్చోలేదు గదా. నాలుగు నెలల పిల్లని చంకనేసుకుని వెళ్ళిపోయావు.

ఈ వాక్యం తప్పుగా వినిపిస్తుందేమో. కొట్టేద్దామనుకున్నాను. అలాగే ఉంచుతున్నాను.

ఛాయ


క్యారీ
జూన్ 25, 2023

వదినా,

నమస్తే. మీ ఉత్తరమూ షీటూ అందాయి. షీటు ముందు చదువుతాను నేను, మీరు ఏమీ అనుకోవద్దు. ఆ ఊళ్ళో రెండేళ్ళే ఉన్నాను గానీ ఏ రోడ్డు తవ్వుతున్నారో తెలియకపోతే ఇక్కడ నాకు తోచదు.

వెళ్ళిపోయానని రాశారు. వెళ్ళగొట్టబడ్డానని నేనూ రాయొచ్చు. అవినాష్ పోయిన రోజుతోనే భర్త మీద ఉండే నా హెచ్-ఫోర్ వీసా పోయింది. ఈ దేశంలో ఉండడానికి ఏడుస్తూనే యూనివర్సిటీలకి అప్లై చేశాను. సీటు ఇక్కడ వచ్చింది, ఎక్కడో దూరంగా పారిపోదామని వెతుక్కున్నది కాదు. ఆ పది రోజుల్లో అత్తయ్యగారు "ఏ వేళ అడుగుపెట్టిందో" అని నలుగురి ముందూ అన్నారు. ఆవిడ దుఃఖం ఆవిడది. మీరు పక్కనే కూర్చుని చారు వడ్డించారు. ఇవి మళ్ళీ తవ్వకూడదనుకున్నా. మీరు ఆ వాక్యం ఉంచారు కనుక నేను ఈ పేరా ఉంచుతున్నా.

సంవత్సరీకానికి వస్తాం. టికెట్లు చూస్తున్నా. ఈసారి సెలవు కూడా కలిసొచ్చింది, భవితకి బడి పోదు. ఎయిర్‌పోర్టుకి రావద్దు, వంటలేం పెట్టుకోవద్దు. హోటల్లో దిగి, ఆ రోజు పొద్దున తొమ్మిదికల్లా నేరుగా బెంచి దగ్గరికే వస్తాం. మీరూ అక్కడికే రండి. ఇంట్లోనైతే నాకు ఊపిరాడదు.

భవితకి చెప్పాను. రేకు మీద ఏం రాసుందని అడిగింది. తెలుగు అక్షరాలు పెట్టమని మనం ఎంత మొత్తుకున్నా సిటీవాళ్ళు ఒప్పుకోలేదని, ఇంగ్లీషు అక్షరాల్లో 'కూర్చో, వస్తా' అని రాయించామని చెప్పాను. పరుగుకి వెళ్ళేముందు మీ నాన్న రోజూ అనే మాట అని చెప్పాను. "మరి ఎవరికీ అర్థం కాదు కదా?" అంది. మనకి అర్థమైతే చాలన్నాను. అప్పటినుంచి బయటికి వెళ్ళేటప్పుడల్లా నన్ను సోఫాలో కూర్చోబెట్టి ఆ మాట అని వెళ్తోంది.

గీతాంజలి


ఆల్డర్‌ఫోర్డ్
జూలై 16, 2023

గీతా,

నీ ఉత్తరం చదివాక రెండు వారాలు కలం పట్టలేదు. నువ్వు రాసింది అబద్ధమైతే వెంటనే జవాబు రాసేదాన్ని.

అమ్మ ఆ మాట అన్నప్పుడు నేను విన్నాను. చారు గిన్నె నా చేతిలోనే ఉంది. అప్పుడు ఒక్క మాట అంటే అమ్మ నొచ్చుకుంటుంది, అనకపోతే నువ్వు నొచ్చుకుంటావు. నువ్వు చిన్నదానివి, మర్చిపోతావనుకున్నాను. అమ్మ పోయి కూడా మూడేళ్ళయింది, ఇప్పుడు ఎవరికి అడ్డుపడినా ఏం లాభం? క్షమించమని అడగడానికి కూడా నాకు సందేహమే. అడిగితే అది నీ మీద ఇంకో బరువు పెట్టడం కాదా?

నువ్వు వస్తున్నావు, అది చాలు. పంచాంగం కూడా చూశాను. అన్నీ చూసుకున్నాకే డ్వేన్‌కి తేదీ చెప్పాను, అతను గోడ మీది క్యాలెండర్లో ఎర్రగా గుండ్రం చుట్టాడు. ఇంక నువ్వేం దిగులు పెట్టుకోకు.

నిన్న వెళ్ళి బెంచి చూసొచ్చాను. ఎడమచేతి వైపు చెక్క కొంచెం చీలింది. నాచు పట్టింది. పాత టూత్‌బ్రష్‌తో కూర్చుని రేకంతా తోమాను. ఎవరో ముసలాయన కుక్కని నడిపించుకుంటూ వచ్చి, ఈ మాటకి అర్థమేమిటని ఎనిమిదేళ్ళుగా అనుకుంటున్నానండీ అన్నాడు. చెప్పాను. "మరి వచ్చాడా?" అని అడిగాడు. వచ్చే నెల వాడి కూతురు వస్తోందండీ అన్నాను.

భవిత ఏం తింటుంది? వంట వద్దన్నావు. అయినా అడుగుతున్నాను.

ఈ వారం షీట్లో పెద్దగా ఏం లేదు. స్విమ్మింగ్ పూల్ వేళలు మారాయి. ఎవరిదో చిలక తప్పిపోయింది.

ఛాయ


ఆల్డర్‌ఫోర్డ్
ఆగస్టు 26, 2023, శనివారం

గీతాంజలికి,

నిన్న పొద్దున ఎనిమిదిన్నరకే వెళ్ళాను. వద్దన్నా గారెలు చేశాను, వాడికి చిల్లు పెద్దదిగా ఉంటేనే గారె అని నీకు తెలుసు. బెంచీ మీద చివర కూర్చున్నాను, మీ ఇద్దరికీ చోటుండాలని. తొమ్మిదయింది. పదయింది. విమానం ఆలస్యమేమో అనుకున్నాను. పదకొండుకి భవితకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. పన్నెండు దాటాక అనుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

నిన్న వరలక్ష్మీ వ్రతం కూడా. నా స్నేహితురాలు రేణు వాళ్ళింట్లో పేరంటానికి పిలిస్తే, మా మరదలు వస్తోంది, కుదరదని గర్వంగా చెప్పాను. ఆ గర్వానికి తగిన శాస్తే జరిగింది.

నాలుగు దాకా కూర్చున్నాను. నా ఫోన్ మోగలేదు, నేనూ మోగించలేదు. ఫోన్ చేస్తే నువ్వేమంటావో నాకు తెలుసు: మీరు ఆ రోజు ఒక్క మాట అనలేదు, ఇవాళ నేను రాలేదు, సరిపోయిందా అని. సరిపోయింది. కానీ నన్ను శిక్షించడానికి ఆ పసిదాన్ని వాళ్ళ నాన్న దగ్గరికి రాకుండా చేయాలా? నా మీద ఇంత ఉందని ముందే రాస్తే గారెలకి పప్పు నానబోసుకునేదాన్ని కాదు.

గారెలు రెండు కాకులు తిన్నాయి. ఇక్కడి కాకులకి అదో కొత్త రుచి.

సాయంత్రం డ్వేన్ ట్రక్కులో వచ్చాడు. నన్ను ఒక్కదాన్నే చూసి దిగలేదు, అద్దం దించి అడిగాడు. "ఇంకో వారం పది రోజులు ఆపమంటారా? లేబర్ డే సెలవు దాటేదాకా కాంట్రాక్టరు ఎలాగూ రాడు." అక్కర్లేదన్నాను. "నిజంగానా?" అన్నాడు. మా వాళ్ళెవరూ రారు, తీసేయండి అన్నాను.

ఇది నీకు తెలియాలనే రాస్తున్నాను. సోమవారం పోస్టు చేస్తాను.

ఛాయాదేవి


ఆల్డర్‌ఫోర్డ్
సెప్టెంబరు 5, 2023, మంగళవారం

గీతా,

ఫోన్ చేశాను. మూడుసార్లు. ఎత్తలేదు, ఎందుకు ఎత్తుతావు?

ఇవాళ పొద్దున ఆఫీసుకి వెళ్ళాను. మూడు రోజుల సెలవు తర్వాత ఊళ్ళోవాళ్ళు పంపిన ఫిర్యాదులన్నీ ముందు నా స్క్రీన్ మీదకే వస్తాయి, ఏది ఏ డిపార్ట్‌మెంటుకో చూసి పంపాలి. పదకొండున్నాయి. చెత్తబుట్ట నిండిపోయిందని ఒకటి. వీధిదీపం ఆరిపోయిందని ఒకటి. ఏడోది 4417 నంబరు, నిన్న పొద్దున పదీ నలభైకి వచ్చింది. విభాగం అన్నచోట 'వస్తువు కనిపించడం లేదు' అని ఎంచుకున్నారు. కింద ఇంగ్లీషులో ఇలా ఉంది:

"మా నాన్న బెంచి కనిపించడం లేదు. నంబరు 14. నాలుగు బోల్టు రంధ్రాలు మాత్రమే ఉన్నాయి. మేము నార్త్ కరొలైనా నుంచి వచ్చాము. మీ ఆఫీసు మూసి ఉంది. దొరికితే దయచేసి చెప్పండి. మేము ఈ సాయంత్రందాకా ఉంటాము. భవిత, వయసు 10."

దాన్ని చదివి అర్థం చేసుకోవడానికి నాకెంతసేపు పట్టిందో చెప్పలేను. తర్వాత ఫోన్‌లో పంచాంగం తెరిచాను. శ్రావణ బహుళ షష్ఠి, సెప్టెంబరు నాలుగు.

జూలైలో చూసినప్పుడు ఆగస్టు ఆరు అని కనిపించింది. దాని పక్కన చిన్న అక్షరాల్లో 'అధిక' అని ఉంది, అది నా కంటికి ఆనలేదు. ఈ ఏడు శ్రావణాలు రెండు. తద్దినం నిజమాసంలో పెట్టాలని అమ్మ చెప్పగా చిన్నప్పటి నుంచి విన్నదాన్నే. తిథి ముందే వెళ్ళిపోతోంది, ఇక గీత వచ్చేది ఇంగ్లీషు తేదీకి, ఆగస్టు ఇరవై ఐదుకేనని నాకు నేనే తేల్చుకున్నాను. అయినా నువ్వు తిథి పాటిస్తావని నేనెన్నడూ అనుకోలేదు. సెలవు కలిసొచ్చిందని నువ్వు రాస్తే వేసవి సెలవులనుకున్నాను, లేబర్ డే అని తట్టలేదు. వారానికోసారి ఊరంతటికీ తేదీ, గంటతో సహా రాసిచ్చే మనిషిని, నా తమ్ముడి రోజు ఏదో నిన్ను ఒక్కమాట అడగలేదు.

నిన్న పొద్దున తొమ్మిదికి నేను ఇంట్లో బట్టలు మడతపెట్టుకుంటున్నాను. బెంచీకి పది నిమిషాల దూరం.

గీతా, పొరపాటు వరకైతే నువ్వు క్షమించగలవేమో. కానీ ఇంకో సంగతి ఉంది. దీనితో పాటు ఇంకో కవరు పెడుతున్నాను. ఆగస్టు ఇరవై ఆరున రాసి, స్టాంపు కూడా అంటించి, పోస్టు చేయడానికి ధైర్యం చాలక సొరుగులో పడేసింది. అదే పోస్టు చేసి ఉంటే నీకు అందేది, నువ్వు వెంటనే ఫోన్ చేసి తిట్టేదానివి, నిన్న నేనైనా అక్కడ ఉండేదాన్ని. డ్వేన్ ఆపుతానన్నాడు. తీసేయమన్నది నేను. కాంట్రాక్టరు కోసం చూడకుండా కిందటి మంగళవారం డ్వేన్ మనుషులే తీశారు. శుక్రవారం షీట్లో 'నదీ తీరం, 14వ నంబరు బెంచి తొలగింపు పూర్తయింది' అని రాసింది కూడా నేనే. అక్షరదోషాలున్నాయేమోనని రెండుసార్లు చూసుకున్నాను.

చెక్కలు అప్పటికే మొక్కల కింద పరిచే పొట్టుగా చీల్చి మల్చింగ్‌కి పంపేశారు. కనుక్కున్నాను. రేకు నా దగ్గరుంది.

ఫిర్యాదు ఏదైనా పది పనిదినాల్లో జవాబు రాసి మూసేయాలి. 4417కి ఏం రాయను?

ఛాయ


క్యారీ
సెప్టెంబరు 12, 2023

వదినా,

రెండు కవర్లూ చదివాను. పాతది ముందు చదివాను.

మీరనుకున్నదే నేనూ అనుకున్నాను. తొమ్మిదికి వెళ్ళాం. బెంచీ లేదు, మీరు లేరు. కాంక్రీటు పలక మీద నాలుగు రంధ్రాలు, వాటిలో వాననీళ్ళు. ఇంకా ఫోన్ చేసి అడగడానికి ఏముంది అనుకున్నాను. నన్ను రప్పించి మరీ చూపించారనుకున్నాను. అదేం మాట అని ఇప్పుడనిపిస్తోంది గానీ అప్పుడు చాలా సులభంగా అనిపించింది. మనిద్దరికీ ఒకరి గురించి ఒకరు చెడ్డగా అనుకోవడం అలవాటైపోయింది, వదినా. పదేళ్ళ ప్రాక్టీసు.

భవిత ఏడవలేదు. ఆ పలక మీదే మఠం వేసుకుని కూర్చుంది. "ఇక్కడేనా?" అంది. ఇక్కడే అన్నాను. వాళ్ళ నాన్న ఫోటో ఒకటి జేబులో తెచ్చుకుంది, దాన్ని పక్కన పెట్టుకుంది. కాసేపయ్యాక లేచి, పోయిన వస్తువుకి ఎక్కడో ఒకచోట కంప్లయింట్ ఇవ్వాలి కదా అంది. సిటీ హాల్ తలుపు మీద ఉన్న బోర్డు చూసి నా ఫోన్‌లో ఫిర్యాదు ఫారం అదే నింపింది. నేను చేయి అడ్డుపెట్టలేదు.

తిథి సంగతి. ఇది మీకు తెలియదు, మీరెప్పుడూ అడగలేదు. నేను క్యారీ వచ్చిన మొదటి ఏడు అత్తయ్యగారు ఫోన్ చేశారు. క్షమించమనీ అనలేదు, ఎలా ఉన్నావనీ అనలేదు. "తిథి మాత్రం మర్చిపోకమ్మా" అన్నారు, పెట్టేశారు. ఆవిడ నన్ను ఇంటి మనిషిగా పిలిచిన పిలుపు అదొక్కటే అనిపించింది నాకు. అప్పటినుంచి ఒక్క ఏడూ తప్పలేదు. ఏ ఏడు అధికమాసమో, ఏ ఏడు కాదో ఇప్పుడు పంతులుగారి కంటే నాకే బాగా తెలుసు.

క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది. పొరపాటు గురించి కాదు. తీసేయండి అన్న మాట గురించి. నేను మీ చోట ఉంటే అనేదాన్ని కానా? అనేదాన్నేమో. అయినా రాయలేను. ఇంకా కొన్నాళ్ళు పడుతుంది.

4417కి ఏం రాయాలని అడిగారు. రోజూ బడి బస్సు వచ్చేముందు భవిత దాన్ని తెరిచి చూస్తుంది. 'పరిశీలనలో ఉంది' అని ఉంటుంది. ఎవరో వెతుకుతున్నారు మమ్మీ అంటుంది. ఆ ఎవరో మీరేనని దానికి తెలియదు. తీయించింది మీరేనని కూడా నేను చెప్పలేదు. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

కనుక మూసేటప్పుడు కారణం మీరే రాయండి. చదివేది పదేళ్ళ పిల్ల అని గుర్తుపెట్టుకుని రాయండి. శనివారం క్లాసులో దానికి తెలుగు నేర్పిస్తున్నారు. కూడబలుక్కుని చదువుతుంది, చిన్న వాక్యాలైతే.

గీత


ఆల్డర్‌ఫోర్డ్ సిటీ, ఫిర్యాదు నంబరు 4417
జవాబు నమోదు: సెప్టెంబరు 18, 2023

భవితా,

ఈ పెట్టెలో తెలుగు అక్షరాలు పడతాయని ఇవాళే తెలిసింది. పదేళ్ళ కిందట రేకు మీద పడవన్నారు.

బెంచి పోలేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు. నేను తీసేయమన్నాను. నువ్వు రావనుకున్నాను. రోజు తప్పుగా చూసుకున్నాను. కోపంలో ఉన్నాను. మీ అమ్మ తప్పు ఏమీ లేదు. మీరు సరైన రోజునే వచ్చారు.

ఆ బెంచి ఇంక దొరకదు. దాని చెక్కలు ఇప్పుడు లేవు. మీ నాన్న పేరున్న రేకు ఉంది. మా ఇంట్లో వాకిలి పక్క గోడకి ఆనించి పెట్టాను. నాలుగు మేకులు కూడా ఉన్నాయి. ఎక్కడ కొట్టాలో నువ్వు చెప్పేదాకా కొట్టను.

వచ్చే ఏడు తిథి ఆగస్టు 24. తేదీ 25. మీ అమ్మని అడిగి సరిచూడు. రెండు రోజులూ నేను ఆ పలక దగ్గర ఉంటాను. మీరు రాకపోయినా ఉంటాను.

ఈ ఫిర్యాదును ఇవాళ మూసేయాలి. అది ఇక్కడి రూలు. మూసేసినా నువ్వు అడిగింది ఇక్కడే ఉంటుంది, నేను చేసింది కూడా. ఊళ్ళో ఎవరైనా చదవొచ్చు.

ఛాయాదేవి
సిటీ క్లర్క్ ఆఫీసు
మీ నాన్న అక్క

స్థితి: మూసివేయబడింది. సమస్య పరిష్కారమైందా అన్న గడి: కాలేదు.